ఒకనాటి యాత్ర: మనుబోలు మొదలు పులికాటు వరకు



యాత్ర యన్నంతనే మన యిండ్లలో తిరుపతి, కాళహస్తి, కంచి యను పేర్లే మొదట వినవచ్చును. అవి చూడదగినవే. కాని దేవాలయము లేని చోటికి, పెండ్లి గాని పురుడు గాని లేని చోటికి, కేవలము చూచి తెలిసికొనుటకై స్త్రీలు బయలుదేరుట మనలో నేటికిని అరుదు. అందుచేత సంక్రాంతి వెళ్లిన వారమున మేము చేసిన ఒకనాటి యాత్రను ఈ మాసము మీకు నివేదించుచున్నాము. ఇందు మేము చేసిన తప్పొకటి కూడ నున్నది. దానిని దాచక చెప్పెదము.

మనుబోలు నుండి తెల్లవారక మునుపే బయలుదేరితిమి. మేము పదునొకండుగురము స్త్రీలము, నలుగురు పిల్లలు, ఒక అద్దె వ్యాను. ఎనుబది ఎనిమిదేండ్ల మా పెద్దత్తగారు కూడ వచ్చిరి. "మోకాళ్లు నొచ్చును గదా, ఎందుకమ్మా?" అని కోడలు వారించినను, "కూర్చుండి పోవుటకు మోకాళ్లతో పనియేమి? కన్నులు బాగుగనే యున్నవి" అని ఆమె బండి యెక్కిరి. పక్షులను గూర్చి చక్కగ తెలిసిన యువతి యొకతె మాకు దారి చూపుటకై గూడూరులో వచ్చి చేరినది. మా పిల్లలు ఆమెను "అక్కా" యని, ఆమె మా పెద్దత్తగారిని "అవ్వా" యని పిలుచుచు, నాయుడుపేట చేరునప్పటికే ఒక యింటివారివలె కలిసిపోయిరి.

ఎడారి యనగా రాజస్థానము, ఒంటెలు, ఎండమావులు జ్ఞప్తికి వచ్చును. మన నెల్లూరు తీరమునందును ఒక విధమైన ఎడారి కలదు. అది నీటి ప్రక్కనే యున్న ఎడారి. సముద్రము వెంట ఇసుక దిబ్బలు, వాని వెనుక పులికాటు సరస్సు. సరస్సు పెద్దదే గాని లోతు బహు స్వల్పము. వేసవిలో నీరు తగ్గిన చోట్ల నేల నెఱ్ఱెలు విచ్చి, పైన ఉప్పు తెల్లగ పేరుకొనును. ఇట్టి చోట మనకు బ్రదుకు దుర్లభమని తోచును. కొన్ని ప్రాణులకో ఇదియే అన్నపూర్ణ.

మొదట నేలపట్టునకు పోయితిమి. ఇది నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, దొరవారిసత్రము మండలములో నున్నది. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదే. 2022లో జిల్లాలు విభజింపబడినప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. 1976లో ప్రభుత్వమువారు దీనిని పక్షుల రక్షితస్థానముగ ప్రకటించిరి. అయినను పక్షులు ప్రకటన చూచి వచ్చినవి కావు. వానిని ముందుగ కాపాడినవారు ఆ యూరి జనులే. పక్షుల రెట్ట పడిన చెరువు నీరు పొలమునకు పాఱినచో పైరు బాగుగ నెదుగునని వారి అనుభవము. అందుచేత పక్షి వచ్చుట శుభమనియు, రాకపోవుట కీడనియు వారు తలంతురు. ప్రయోజనమును ప్రేమయు కలిసిన రక్షణ గట్టిది.

చెరువులో నీటి నడుమ కడప చెట్లు గుంపులుగ నిలిచి యున్నవి. మొదలు నీటిలో మునిగినను ఇవి చావవు. ఒక్కొక్క చెట్టుపై ఎన్నెన్ని గూళ్లో! ఎత్తైన మంచె యెక్కి చూచితిమి. గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు, చింతవక్కలు. ఒక్క చెట్టున నాలుగు జాతులవారు నాలుగంతస్తులలో కాపురమున్నట్లు తోచినది. కిచకిచలు, రెక్కల చప్పుడు, చేపల వాసన! "ఇది పెండ్లివారి విడిదివలె నున్నది" అని మాలో నొకతె యనగా అందరమును నవ్వితిమి.

గూడబాతు ఈ స్థలమునకు పెద్ద. ముక్కు క్రింద తోలుసంచి వ్రేలాడు భారీ పక్షి యిది. ఆ సంచి చేపలను దాచు బుట్ట యని మేము ఇంతకాలము తలచియుంటిమి. అది దాచుటకు గాదనియు, వలవలె చేపలను పట్టి నీరు వంపివేయుటకనియు, పట్టిన చేపను వెంటనే మ్రింగుననియు మా మార్గదర్శిని చెప్పినది. పిల్లలు ఆకలిగొన్నప్పుడు తల్లి నోరు తెఱచును. పిల్ల తన తల మొత్తము తల్లి గొంతులోనికి దూర్చి ఆహారము తినును. మొదటిసారి చూచిన మా పిల్లవాడు "తల్లి పిల్లను తినుచున్నది!" అని కేక వేసెను. కొంతసేపటికి ఆ పిల్ల తల బయటికి రాగా వాని ప్రాణము కుదుటపడినది.

మఱొక సంగతి. గూళ్లు నేలపట్టులో నున్నను, వంటశాల పులికాటులో నున్నది. ఈ పక్షులు ప్రొద్దున నెగిరి సరస్సునకు పోయి చేపలు మేసి, సంచిలో గాక కడుపులో మోసికొని వచ్చి పిల్లలకు పెట్టును. కాబట్టి చెరువును కాపాడి సరస్సును విడిచినచో, ఇల్లు కట్టించి పొయ్యి ఆర్పినట్లగును. సరస్సు సముద్రములో కలియు ముఖద్వారములు ఇసుకతో పూడిపోవుట నేడు పెద్ద చిక్కు. పోటునీరు లోనికి రాకున్న చేప తగ్గును. చేప తగ్గిన పక్షికిని, బెస్తవారి యింటికిని ఒకే విధమైన పస్తు.

సూళ్లూరుపేటలో ఒక చెట్టు నీడను పులిహోర, దద్దోజనము భుజించి, సరస్సు నడుమగ శ్రీహరికోటకు పోవు దారి పట్టితిమి. శ్రీహరికోట రాకెట్టుల కేంద్రమని మీరెఱిగినదే. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటి నుండి మొదటి రాకెట్టు ఎగిరినది. అంతకు మునుపు తరతరములుగ ఆ దీవి అడవులు యానాదులకు నివాసము. కేంద్రమునకై స్థలము తీసికొన్నప్పుడు పలు కుటుంబములు ఊళ్లు విడిచినవి. రాకెట్టును చూచి గర్వించునప్పుడు వారిని కూడ ఒక నిమిషము తలచుకొనుట ధర్మము.

ఆ దారికి ఇరువైపుల నీరే. ఆ నీటిలో దూరమున గులాబి రంగు గీత యొకటి కనబడినది. దగ్గఱకు పోగా ఆ గీత వేలకొలది కాళ్లుగ విడిపోయినది. ఇవియే ఫ్లెమింగోలు. పత్రికలవారు రాజహంసలని వ్రాయుదురు గాని, ఇవి హంసలు గావు. మూడు నాలుగడుగుల యెత్తున నిలుచు పక్షులు. తలను తలక్రిందుగ నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని పీల్చి, జల్లెడతో పిండి జల్లించినట్లు చిన్న పురుగులను, నాచును వడగట్టి తినును. వాని రంగు పుట్టుకతో వచ్చినది గాదు. తిను తిండిలోనిది. పిల్లలు బూడిద రంగున పుట్టి, క్రమముగ ఎఱ్ఱబారును.

ఇక మా తప్పు. పక్షులు తలలు ముంచి మేయుచుండుటచే రెక్కలలోని యెఱుపు కనబడలేదు. "ఒక్కసారి ఎగిరిన ఎంత బాగుండును!" అని పిల్లలు మారాము చేసిరి. మాలో ఇద్దఱు ముగ్గురు చిత్రము తీసికొనుటకు సిద్ధముగ నుండిరి. మేమే డ్రైవరుతో "నాయనా, ఒక్కసారి హారను మ్రోగింపుము" అంటిమి. మార్గదర్శిని వారించులోపలనే అతడు మ్రోగించెను. గుంపంతయు ఒక్కమాఱు లేచినది. ఆకాశమున కుంకుమ చల్లినట్లయినది. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేమును సంతోషించితిమి.

ఆ యువతి కోపపడలేదు. తలవంచుకొని, "అమ్మా, వీనికి ఆహారము కొంచెము కొంచెముగ దొరకును. దినమంతయు వడగట్టినగాని కడుపు నిండదు. ఇట్లు లేపినప్పుడెల్ల తిన్నది ఖర్చయిపోవును. మనము ఒక్కసారియే లేపితిమి. సెలవుదినమున ఇట్టి బండ్లు నూఱు వచ్చును" అన్నది.

మాకు నోట మాట రాలేదు. అప్పుడు పెద్దత్తగారు కిటికీలోనుండి పక్షుల వంకనే చూచుచు, "మమ్మును గూడ ఇట్లే లేపిరి" అనిరి. దేనిని గూర్చి యని అడిగితిమి. ఆమె మునుపెన్నడును మాకు చెప్పని సంగతి అప్పుడు చెప్పిరి.

అది 1942 ఏప్రిలు మాసము. ఆమెకు అయిదేండ్లు. తండ్రిగారి ఉద్యోగము మద్రాసులో. ఏప్రిలు 5న జపానువారి విమానములు కొలంబోపై బాంబులు వేసినవి. మఱునాడు, అనగా ఏప్రిలు 6న, మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను పడినవి. బంగాళాఖాతములో వర్తకపు ఓడలు అనేకములు మునిగినవి. శత్రునావలు మద్రాసునకే వచ్చుచున్నవని భయము పుట్టి, పనిలేనివారు పట్టణము విడిచి పోవలయునని ప్రభుత్వమువారు సలహా యిచ్చిరి. కచేరీలు కొన్ని లోపలి ఊళ్లకు తరలినవి. వీధులకు వీధులు ఖాళీ యయినవి.

"మా అమ్మ పొయ్యిమీద అన్నము అట్లే విడిచినది" అని పెద్దత్తగారు చెప్పిరి. "నెలల బిడ్డ చంకలో, నేను కొంగు పట్టుకొని, ఒక ట్రంకుపెట్టె. నాన్నగారు స్టేషనులో మమ్మును ఎక్కించి తాము నిలిచిపోయిరి. బండిలో నిలుచుటకును చోటు లేదు. తమ్మునికి పాలిచ్చుటకు అమ్మ చాటు వెదకికొనుచున్నప్పుడు, ఎవరో తెలియని ముసలమ్మ తన చీర చెఱగు అడ్డము పట్టినది. అర్ధరాత్రి మనుబోలులో దిగితిమి. జపానువాడు రాలేదు. మేము మాత్రము లేచిపోయితిమి. తమ్మునికి ఆ వేసవిలో తగిలిన జ్వరము తగ్గనే లేదు."

ఇంతవరకు ఆ యింట ఒక తమ్ముడుండెనని మాలో నెవ్వరికిని తెలియదు.

చరిత్ర పుస్తకములలో ఈ ఘట్టము రెండు మూడు పంక్తులు మాత్రమే. ఆ నావలు తిరిగి వెళ్లిపోయినవి. మద్రాసుపై దాడి జరుగలేదు. 1943 అక్టోబరులో ఒంటరి విమానమొకటి వచ్చి కొన్ని బాంబులు వేసి పోయినది. జనులు క్రమముగ తిరిగి వచ్చిరి. కాబట్టి గొప్ప ప్రమాదము తప్పినదని వ్రాయుదురు. తప్పిన ప్రమాదమునకు కూడ తల్లులు వెల చెల్లించిరని వ్రాయరు. మూగజీవములును చెల్లించినవి. బాంబులు పడి బోనులు విరిగినచో ఊరిలోనికి వచ్చునను భయముచే, మద్రాసు జంతుశాలలోని సింహములు, పులులు మొదలగు క్రూరమృగములను ఆ యేప్రిలులోనే తుపాకులతో కాల్చివేసిరి. బోనులో పుట్టి బోనులోనే పెరిగిన జంతువుకు జపానెవ్వరో, ఇంగ్లండెవ్వరో!

మేము మాటలాడుచుండగ పక్షులు రెండుమూడు మాఱులు చుట్టు తిరిగి, ఇంచుక దూరమున మరల దిగినవి. మార్గదర్శిని పెద్దత్తగారి చేయి పట్టుకొని, ఆమె మనస్సు మరలించుటకు గాబోలు, ఆ పక్షుల కాపురమును గూర్చి చెప్పసాగినది. దానిని మీకును చెప్పవలయును.

మన దేశమున వీనికి పెద్ద పుట్టిల్లు కచ్ఛదేశపు రణము. అది నిజమైన ఉప్పుటెడారి. వానలు పడి పలుచగ నీరు నిలిచినప్పుడు అచ్చట బురదతో గిన్నె బోర్లించినట్లు దిమ్మెలు కట్టి, ఒక్కొక్క దానిపై ఒక్కటే గ్రుడ్డు పెట్టును. 1945లో, ప్రపంచయుద్ధము ఇంకను ముగియని దినములలో, పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీగారు ఆ స్థలమునకు పోయి లక్షకు మించిన గూళ్లున్నట్లు లెక్క కట్టిరి. పిల్లకు తల్లిదండ్రులిరువురును తమ గొంతులో నూఱు పాలవంటి ద్రవమును త్రాగింతురు. తండ్రియు పాలిచ్చునని వినగనే మాలో పెద్ద చర్చ జరిగినది. "ఈ సంగతి మీ పత్రికలో పెద్ద అక్షరములతో వేయుడు" అని ఒక సోదరి కోరినది. అక్షరములు పెద్దవి చేయలేము గాని, సంగతిని మాత్రము వేసితిమి. పిల్లలు కొంచెము ఎదిగినంతనే అన్నియు ఒక్కచోట చేరును. కొద్దిమంది పెద్దలు వేలకొలది పిల్లలకు కాపు కాయుదురు. మన బాలవాడి వంటిదే.

ఆ రణమునకును యుద్ధము వచ్చినది. 1965 ఏప్రిలులో భారత పాకిస్తాను సేనలు ఆ యుప్పునేలపైననే పోరాడినవి. 1971 డిసెంబరు యుద్ధములో భుజ్ విమానాశ్రయపు దారి బాంబులచే గోతులు పడగా, ప్రక్కనున్న మాధాపరు గ్రామపు స్త్రీలు సుమారు మూడువందలమంది పూనుకొని, మూడు దినములలో దానిని బాగుచేసిరి. శత్రువిమానము వచ్చు సూచన కాగానే పొదలలో దాగుదురు. నేలలో కలిసిపోవుటకై ఆకుపచ్చ చీరలు కట్టిరి. యుద్ధమున స్త్రీ ఒకచోట బిడ్డనెత్తుకొని పరుగెత్తును, ఒకచోట తట్టనెత్తుకొని నిలుచును. రెండును ధైర్యమే. మొదటిదానికి కూడ ధైర్యమను పేరు ఇయ్యవలయునని మాకా దినమున తోచినది.

ప్రొద్దు వాలునప్పటికి వాకాడు మీదుగ దుగరాజపట్నపు తీరము చేరితిమి. సరుగుడు తోటలు దాటగనే ఇసుక దిబ్బలు. వానిపై ఊదాపూల తీగలు పాకియున్నవి. రావణాసురుని మీసమను ముండ్లగడ్డి బంతులై గాలికి దొరలుచున్నది. ఎఱ్ఱపీతలు మా యడుగుల సవ్వడికి కలుగులలో దూరినవి. ఈ మొక్కల వేళ్లే ఇసుకను పట్టి నిలుపును. తుపానునాడు దిబ్బయే ఊరికి గోడ. ఇచ్చటనే 1626 ప్రాంతమున ఇంగ్లీషు వర్తకులు అద్దకపు బట్టలకై కోఠీ పెట్టి, పిదప ఫిరంగులతో కోట కట్టుకొనిరి. దానిని వారు ఆర్మగావ్ అనిరి. ఈ కోఠీలో నుండిన ఫ్రాన్సిస్ డే యనువాడే 1639లో మద్రాసు స్థలమును సంపాదించెను. ఆ మద్రాసుమీదనే 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మనుల ఎమ్డెన్ నౌక గుండ్లు కురిపించి నూనె తొట్లను తగులబెట్టెను. మన యాడువారి చీరలకై వచ్చిన వర్తకము వెంట ఫిరంగి యెట్లు వచ్చినదో ఈ తీరము చూచిన తెలియును.

చీకటి పడుచుండగ మా పిల్లలు చేతిదీపములు వెలిగింపబోయిరి. మార్గదర్శిని ఆర్పించినది. ఈ కాలమునుండి సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి ఇసుకలో గుంట త్రవ్వి నూఱు వఱకు గ్రుడ్లు పెట్టి పోవును. నెలన్నర మొదలు రెండు నెలల లోపల పిల్లలు బయటికి వచ్చి, సముద్రముపై వెలుగును గుఱుతుపట్టి నీటివైపు నడచును. ఒడ్డున దీపమున్న దారి తప్పి ఊరివైపు వచ్చి చచ్చును. "ఆ యేట మద్రాసులో దీపములార్పుమని రోజును చెప్పుచుండిరి" అని పెద్దత్తగారు చీకటిలో మెల్లగ అనిరి. "ప్రాణభయముతో ఆర్పితిమి. ఇట్లు ప్రాణము నిలుపుటకై ఆర్పుట బాగున్నది." ఆ మాట తరువాత ఇల్లు చేరువరకు బండిలో ఎవ్వరును పెద్దగ మాటలాడలేదు.

ఈ యాత్ర చేయగోరు సోదరీమణులకు కొన్ని సూచనలు. అక్టోబరు మొదలు మార్చి వఱకు మంచి కాలము. ప్రాతఃకాలముననే నేలపట్టు చేరవలయును. మెఱుపు చీరలు, ఎఱ్ఱని రంగులు వలదు. బూడిద, ఆకుపచ్చ రంగులు మేలు. త్రాగునీరు, టోపీ లేక గొడుగు, దుర్భిణి యున్న నొకటి తీసికొనుడు. తినుబండారములను ఆకులలో గాని డబ్బాలలో గాని కట్టుకొని, చెత్తను మరల ఇంటికే తెచ్చుడు. సూళ్లూరుపేటలో 2001లో ఆరంభమైన పక్షుల పండుగ దినములలో జనము మెండు. నెమ్మదిగ చూడగోరువారు వేఱు దినము పోవుట మంచిది. అన్నిటికంటె ముఖ్యము, డ్రైవరుతో ముందే చెప్పుడు: హారను మ్రోగింపరాదు. మేము చెప్పవలసినది చెప్పక, చెప్పరానిది చెప్పితిమి.

కడపటి మాట. మీ యింట ఎనుబది దాటిన అవ్వ యున్నచో, ఈ మాసమున ఒక సాయంకాలము ఆమె ప్రక్క కూర్చుండి, "అవ్వా, యుద్ధపు దినములలో నీవెక్కడ నుంటివి?" అని అడుగుడు. చెప్పినది చాకలి పద్దు పుస్తకములో నైనను సరే, తేదీ వేసి వ్రాసి యుంచుడు. మా యింట ఆ మఱునాడే పెద్దత్తగారు చెప్పినది చెప్పినట్లు వ్రాసితిమి. ఆ తమ్మునికి పేరు పెట్టిరాయని అడిగితిమి. పెట్టిరట. ఆ పేరును మా యింటి పుస్తకములో మొదటి పుటలో వ్రాసికొంటిమి.